ఎంబ్రాయిడరీ ఫైలు తెఱవగానే ప్రోగ్రాము మూతపడుట: కారణములు, పరీక్షలు

సూదిపనికి యంత్రము తోడైనది నేడు నిన్న కాదు. 1828వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున హైల్మన్ అనునతడు చేతితో త్రిప్పు ఎంబ్రాయిడరీ యంత్రమును కల్పించెను. 1863లో స్విట్జర్లాండువాడైన ఐజాక్ గ్రోబ్లి షిఫ్లీ యంత్రమును నిర్మించెను. ఇప్పటి యంత్రము కంప్యూటరు ఫైలును చదివి, అందు చెప్పినట్లు సూదిని నడుపును. మన పట్టణములలో పెండ్లి రవికెల చేతులమీదను మెడచుట్టును కనబడు కంప్యూటరు ఎంబ్రాయిడరీ యంతయు ఇట్టి ఫైళ్లనుండి వచ్చినదే.

ఈ పనిచేయువారికి అప్పుడప్పుడు ఒక చిక్కు కలుగుచుండును. డిజైను ఫైలును తెఱవబోగా, ప్రోగ్రాము ఒక్క మాటయైనను చెప్పక మూతపడును. రవికె రేపటికి ఈయవలసియున్నది. యంత్రము అప్పు చేసి కొన్నది. అప్పుడు మనుష్యుడు పదేపదే అదే ఫైలును నొక్కును, ప్రోగ్రామును తీసివేసి మరల ఎక్కించును, తుదకు పెన్‌డ్రైవునే తుడిచివేయును. మిగిలియున్న ఒక్క ప్రతియు అందులో పోవును. ఆత్రగానికి బుద్ధి మట్టు అని పెద్దలు ఊరక అనలేదు. దోషము ఫైలునందున్నదా, ప్రోగ్రామునందున్నదా, కంప్యూటరునందున్నదా అని మొదట తేల్చుకొని, పిమ్మట మందు వేయవలయును. ఈ పాఠమునకు సారమిదియే.

1. ఫైలులో నేమున్నది?

ఎంబ్రాయిడరీ ఫైళ్లు స్థూలముగా రెండు తెగలు. మొదటిది రూపకల్పన ఫైలు. ఇందు ఆకు, పువ్వు, అక్షరము మొదలగు ఆకారములును, వానిని ఏ కుట్టుతో ఎంత ఒత్తుగా నింపవలయునను వివరములును ఉండును. విల్‌కామ్ సాఫ్టువేరు వ్రాయు ఇ.ఎం.బి. ఫైలు ఇట్టిది. రెండవది కుట్టుల ఫైలు. ఇందు ముఖ్యముగా సూది వేయవలసిన అడుగులే యుండును. తజీమా యంత్రముల డి.ఎస్.టి., బ్రదర్ యంత్రముల పి.ఇ.ఎస్., జనోమే యంత్రముల జె.ఇ.ఎఫ్. సాధారణముగా ఈ తెగలో చేర్చబడును.

వీనిలో డి.ఎస్.టి. నిర్మాణము మిక్కిలి సులభము. మొదట 512 బైట్ల శీర్షభాగముండును. డిజైను పేరు, కుట్టుల సంఖ్య, రంగుమార్పుల సంఖ్య, పొడవు వెడల్పులు అందు వ్రాయబడును. తరువాత ఒక్కొక్క కదలికకు 3 బైట్లు. కొలత మిల్లీమీటరులో పదియవ వంతు. ఒక్క కదలికలో సూది అడ్డముగా గాని నిలువుగా గాని 12.1 మిల్లీమీటర్లు దాటి పోజాలదు. అంతకు మించిన దూరమును పెక్కు దుముకులుగా విభజింతురు. చివర ముగింపు గుర్తుండును. దారపు రంగేదో ఈ ఫైలు చెప్పదు. ఇచట ఆగి దారము మార్చుమని మాత్రమే చెప్పును. కావున తెరమీద రంగులు వేఱుగా కనబడినచో, ఫైలు చెడినదని భ్రమపడరాదు.

ఈ నిర్మాణము తెలిసినచో ఒక చిన్న లెక్కతో ఫైలును పరీక్షింపవచ్చును. 8,000 కదలికలు గల డిజైనునకు 8,000 × 3 = 24,000 బైట్లు; శీర్షభాగముతో కలిపి సుమారు 24,512 బైట్లు ఉండవలయును. ఆ ఫైలు 12,000 బైట్లే యున్నచో, సగము దారిలో తెగినదని తెలియుచున్నది.

2. ప్రోగ్రాము ఏల మూతపడును?

నూఱుగురికి విస్తళ్లు వేసిన పంక్తిలో నూటయిరువదిమంది కూర్చుండబోయినచో, కడపటివారు ఇతరుల చోటు ఆక్రమింతురు గదా! ప్రోగ్రామును అట్లే శీర్షభాగములోని సంఖ్యను నమ్మి, అంతమేరకు జ్ఞాపకస్థానమును సిద్ధపఱచుకొనవచ్చును. సంఖ్య తప్పైనచో, తనది కాని స్థానమును తాకును. అప్పుడు విండోస్ తక్కిన పనులను కాపాడుటకై ఆ ప్రోగ్రామును మూసివేయును. జాగ్రత్తగా వ్రాయబడిన ప్రోగ్రాము సంఖ్యను ముందే సరిచూచి, "ఈ ఫైలు చదువుటకు వీలులేదు" అని చెప్పి ఊరకుండును. కావున చెడిన ఫైలువలన ప్రోగ్రాము కూలినప్పుడు తప్పు ఫైలుది మాత్రమే కాదు; సరిచూడని ప్రోగ్రామునకును అందు పాలున్నది.

3. మొదటి పని

ఫైలునకు ఒక నకలు తీసి, మూలప్రతిని వేఱొక చోట భద్రపఱుపవలయును. ఇక పరీక్షలన్నియు నకలుమీదనే జరుపవలయును. ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేసి, ఫలితమును కాగితముమీద వ్రాసికొనవలయును. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవానికి, పని కుదిరినను, ఏ మార్పువలన కుదిరెనో తెలియదు.

4. ఏ క్షణమున మూతపడినది?

(అ) ప్రోగ్రామును ఆరంభింపగానే మూతపడినచో, అది కడపట తెఱచిన ఫైలును తానే మరల తెఱవబోవుచుండవచ్చును. ఆ ఫైలును వేఱొక ఫోల్డరునకు మార్చి చూడవలయును.

(ఆ) ఫైలును ఎన్నుకొనకముందే, ఫోల్డరు కిటికీ కనబడగానే మూతపడినచో, మనము తెఱవదలచిన డిజైను నిర్దోషి కావచ్చును. ఆ కిటికీ చిన్న బొమ్మలు చూపుటకై ఇతర సాఫ్టువేరుల భాగములను తనతో పిలుచుకొనును. వానిలో నొకటి గాని, ఆ ఫోల్డరులోని మఱియొక చెడిన ఫైలు గాని కారణము కావచ్చును. కంప్యూటరులోనే క్రొత్త ఫోల్డరు చేసి, అందు ఈ ఒక్క నకలునే యుంచి చూడవలయును.

(ఇ) ఫైలును ఎన్నుకొనగానే మూతపడినచో, అనుమానము ఫైలుమీదను, దానిని చదువు విధానముమీదను నిలుచును.

(ఈ) డిజైను తెరమీద కనబడి పిమ్మట మూతపడినచో, బొమ్మగీయు భాగమును పరీక్షింపవలయును. దారము నిజముగా కుట్టినట్లు చూపు త్రిపరిమాణ దృశ్యమును ఆపి చూడవలయును. అంతట నిలిచినచో, గ్రాఫిక్సు డ్రైవరును దాని తయారీదారుల యొద్దనుండి క్రొత్తది తెచ్చి ఎక్కింపవలయును.

5. రెండు ఫైళ్లు, రెండు ప్రోగ్రాములు

మేము విద్యార్థులచే చేయించు ముఖ్యమైన పరీక్ష ఇది. మునుపు చక్కగా తెఱవబడిన మఱియొక ఫైలును ఇదే ప్రోగ్రాములో తెఱవవలయును. తరువాత చిక్కు తెచ్చిన ఫైలు నకలును మఱియొక ప్రోగ్రాములో తెఱవవలయును. ఇంక్‌స్కేప్ అను ఉచిత ప్రోగ్రామునకు ఇంక్‌స్టిచ్ అను అనుబంధమును చేర్చినచో, అది డి.ఎస్.టి., పి.ఇ.ఎస్., జె.ఇ.ఎఫ్. మొదలగు పెక్కు కుట్టుల ఫైళ్లను చదువును. ఫలితములను ఇట్లు గ్రహింపవలయును:

మంచి ఫైలు కూడ మొదటి ప్రోగ్రాములో తెఱవబడనిచో, దోషము ప్రోగ్రామునందో కంప్యూటరునందో కలదు.

మంచి ఫైలు తెఱవబడి, చిక్కు ఫైలు రెండు ప్రోగ్రాములలోను తెఱవబడనిచో, ఫైలు చెడియుండుట మిక్కిలి సంభవము.

చిక్కు ఫైలు రెండవ ప్రోగ్రాములో తెఱవబడినచో, అందలి కుట్టులు చాలవఱకు బ్రదికియున్నవి. అచటినుండి క్రొత్త పేరుతో మరల వ్రాయించి, మొదటి ప్రోగ్రాములో తెఱచి చూడవలయును. అయితే కుట్టుటకు ముందు డిజైను పూర్తిగానున్నదా అని చివరి కుట్టువఱకు చూడవలయును. తెగిన ఫైలులో లేని కుట్టులను ఏ ప్రోగ్రామును పుట్టింపజాలదు.

6. ఫైలు దోషములు

ఫైలు పరిమాణము సున్న యున్నచో, నకలు కానేలేదని అర్థము. వ్రాత ముగియకముందే పెన్‌డ్రైవును ఊడబెఱుకుట దీనికి సామాన్య కారణము.

ఫైలు నకలును నోట్‌పాడులో తెఱచి మొదటి అక్షరములను చూడవచ్చును. డి.ఎస్.టి. సాధారణముగా ఎల్, ఏ అను ఆంగ్లాక్షరములతోను, పి.ఇ.ఎస్. ఆ మూడక్షరములకు ముందు నిలువు అడ్డు గీతల చదరపు గుర్తుతోను ఆరంభమగును. మొదట పి, కె అక్షరములున్నచో అది ఇంకను విప్పని జిప్ మూట కావచ్చును. మొదట కోణపు గుర్తును, హెచ్.టి.ఎం.ఎల్. అను మాటయు కనబడినచో, డిజైనునకు బదులు ఒక ఇంటర్నెట్ పుటయే దిగినది. చూచిన తరువాత నోట్‌పాడును సేవ్ చేయక మూయవలయును. సేవ్ చేసినచో ఆ ప్రతి చెడిపోవును.

ఫైలు పేరు చివర డి.ఎస్.టి. తీసి పి.ఇ.ఎస్. అని పెట్టినంతమాత్రమున ఫైలు మాఱదు. సీసామీద చీటీ మార్చినచో లోపలి మందు మాఱునా? మార్పును ప్రోగ్రాముచేతనే చేయింపవలయును. క్రొత్త విల్‌కామ్ వ్రాసిన ఇ.ఎం.బి. ఫైలును పాతది తెఱవలేకపోవచ్చును. అట్టిచో పాత కూర్పునకు తగినట్లు వ్రాసి పంపుమని పంపినవారిని అడుగవలయును.

మఱియొక సంగతి మన భాషవారికి ముఖ్యము. కొన్ని పాత ప్రోగ్రాములు తెలుగు లిపిలోని పేర్లను చదువలేవు. ఫైలునకు గాని, అది యున్న ఫోల్డరునకు గాని "నెమలి" అని తెలుగున పేరు పెట్టియున్నచో, నకలునకు చిన్న ఆంగ్లాక్షరముల పేరు పెట్టి, పొట్టి పేరుగల ఫోల్డరులో నుంచి చూడవలయును.

7. ప్రోగ్రాము దోషములు, విండోస్ సాక్ష్యము

విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అను పట్టిక కలదు. ఏ దినమున ఏ ప్రోగ్రాము కూలినదో, ఏ భాగమున కూలినదో అందు వ్రాయబడును. ఆ భాగము పేరు గ్రాఫిక్సు తయారీదారులదైనచో అనుమానము డ్రైవరుమీదికి పోవును. ఎంబ్రాయిడరీ ప్రోగ్రాముదే యైనచో, చెడిన ఫైలు గాని ప్రోగ్రాము లోపము గాని కారణము కావచ్చును. ఆ పేరును, ఫైలు నకలును సాఫ్టువేరు తయారీదారులకు పంపినచో, వారు పరిశీలించుటకు ఆధారముండును.

ప్రోగ్రామునకు క్రొత్త సవరణలున్నచో ఎక్కింపవలయును. తరువాత దాని సెట్టింగుల ఫైలునకు పేరు మార్చి చూడవచ్చును, తుడిచివేయరాదు. ప్రోగ్రామును తీసివేసి మరల ఎక్కించుట కడపటి ఉపాయము. అది మరల లైసెన్సు నమోదు అడుగవచ్చును. దోషము ఫైలునందే యున్నచో ఆ శ్రమయంతయు వ్యర్థము.

8. ముందు జాగ్రత్త

కుట్టుల ఫైలుతోబాటు రూపకల్పన ఫైలును కూడ దాచవలయును. కుట్టుల ఫైలు పోయినచో రూపకల్పననుండి మరల తీయవచ్చును. రూపకల్పన పోయినచో కుట్టులనుండి దానిని యథాతథముగా రాబట్టుట కష్టము. రెండు వేఱువేఱు చోట్ల నకళ్లుండవలయును. పెన్‌డ్రైవును కంప్యూటరు అనుమతితోనే తీయవలయును. వ్రాసిన ఫైలును పెన్‌డ్రైవునుండి మరల తెఱచి చూచినగాని పని ముగిసినదని యెంచరాదు.

తలిదండ్రులకు మా మనవి యొకటి. ఇంటిలో ఇట్టి చిక్కు కలిగినప్పుడు, "పిల్లవాడు ముట్టినందుననే చెడినది" అని వెంటనే దూషింపకుడు. రెండు ఫైళ్లు, రెండు ప్రోగ్రాములు, పావుగంట ఓపిక ఉన్నచో నిజము చాలవఱకు బయటపడును. ఆ పరీక్షను బిడ్డచేతనే చేయింపుడు. నేరము మోయవలసిన బిడ్డ నిజమును కనుగొన్నవాడగును.

అభ్యాసము

1. 15,000 కదలికలు గల డి.ఎస్.టి. ఫైలు సుమారు ఎన్ని బైట్లుండవలయును?
2. ఫైలును ఎన్నుకొనకముందే ప్రోగ్రాము మూతపడినచో మొదట ఏమి చేయుదురు? ఏల?
3. చిక్కు ఫైలు ఒక ప్రోగ్రాములో తెఱవబడి మఱియొక దానిలో తెఱవబడనిచో ఏమి గ్రహింతురు?
4. ఫైలు పేరు చివరి అక్షరములను మార్చుటకును, ఫైలును మార్చుటకును భేదమేమి?