ఉండ కట్టని మందు

ఇంట్లో రాగిజావ కాస్తున్నప్పుడు ఎప్పుడైనా గమనించారా? పిండిని నేరుగా మరిగే నీళ్ళలో వేయరు. ముందు చన్నీళ్ళలో కలిపి, ఆ తర్వాతే మరుగుతున్న ఎసట్లో పోస్తారు. ఎందుచేత?

వేడినీరు తగలగానే పిండిముద్ద పైపొర ఉబ్బి జిగురుగా మారుతుంది. ఆ పొరను దాటి నీరు లోపలికి పోలేదు. పైన తడి, లోపల పొడిపిండి! దీన్నే ఉండ కట్టడం అంటాం.

జావలో ఉండను గరిటెతో నలిపేయవచ్చు. మరి మందులో ఉంటే? కొన్ని మందులు నీటిలో కరగవు. వాటి మెత్తని పొడిని ద్రవంలో కలిపి సీసాలకు ఎత్తుతారు. పొడి ఉండలు కడితే ఒక చెంచాలో మందు ఎక్కువ, మరో చెంచాలో తక్కువ వస్తుంది. ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే జబ్బు తగ్గదు.

అందుకే ప్రయోగశాలల్లో అతివేగ మిక్సర్లు వాడతారు. వాటిలో ఒక రకానికి కొనలో రెండు భాగాలుంటాయి. లోపల తిరిగేది రోటారు. దాని చుట్టూ చీలికలతో కదలకుండా ఉండే గొట్టం స్టేటరు. రోటారు ద్రవాన్ని చీలికల గుండా బయటికి విసురుతుంది. అప్పుడు మధ్యలో పీడనం తగ్గి కొత్త ద్రవం లోపలికి వస్తుంది. ఇలా పాత్రలోని ద్రవం మళ్ళీ మళ్ళీ ఆ ఇరుకు సందులోంచి పోతుంది.

లెక్క కట్టి చూద్దామా? రోటారు వ్యాసం 3 సెం.మీ., వేగం నిమిషానికి 10,000 చుట్లు అనుకోండి. చుట్టుకొలత సుమారు 9.4 సెం.మీ.; సెకనుకు దాదాపు 167 చుట్లు. అంటే రోటారు అంచు సెకనుకు 15.7 మీటర్లు, గంటకు 56 కిలోమీటర్లకు పైగా పోతుంది! స్టేటరును ఆనుకున్న ద్రవం కదలదు. రోటారును ఆనుకున్నది బస్సు వేగంతో పరుగెత్తుతుంది. మధ్య దూరం అర మిల్లీమీటరు ఉందనుకుందాం. అక్కడ చిక్కిన ఉండను ఒకవైపు పట్టి ఉంచి, రెండోవైపు లాగినట్లవుతుంది. ఉండ చీలిపోతుంది. ఇదే కోత బలం.

వేగం ఒక్కటే చాలదు. పొడిని కుమ్మరించకుండా కొద్దికొద్దిగా చల్లాలి. సుడి లోతైతే గాలి చొరబడి నురుగు వస్తుంది. తిప్పే శక్తి వేడిగా మారుతుంది కనుక, వేడికి పాడయ్యే పదార్థమైతే పాత్రను మంచునీటిలో ఉంచుతారు. విడిపోయిన రేణువులు మళ్ళీ అతుక్కోకుండా వాటికి పూతలా పట్టే పదార్థాన్ని కాస్త కలుపుతారు.

ఎంత బాగా కలిపినా, కరగని రేణువులు నిలవ ఉన్నకొద్దీ అడుగుకు దిగవచ్చు. అందుకే అలాంటి మందు సీసా మీద ‘వాడే ముందు బాగా కుదపండి’ అని ఉంటుంది. ప్రయోగశాలలో మొదలైన పనిని పూర్తి చేయవలసింది మీ చెయ్యే!

మీరు చేయండి: అదే వేగంతో తిరిగే రోటారు వ్యాసం 2 సెం.మీ. అయితే అంచు వేగం ఎంత?
(జవాబు: సెకనుకు సుమారు 10.5 మీటర్లు)