కంప్యూటర్ నిద్రపోతే జ్ఞాపకం ఏమవుతుంది?

మీరు తొండూరులోని ఒక ఉన్నత పాఠశాలలో చదువుతున్నారనుకోండి. కంప్యూటర్‌లో వ్యాసం సగం టైపు చేశారు. ఇంతలో భోజనం గంట కొట్టారు. కంప్యూటర్‌ను ఆపబోతే స్లీప్, హైబర్నేట్, రీస్టార్ట్, షట్‌డౌన్ అనే మాటలు కనిపించాయి. దేనిని నొక్కుతారు?

మీ జిల్లాలోనే, ముద్దనూరు దగ్గర, రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. అయినా గాలివానకు తీగ తెగితే మీ ఊళ్లోనూ కరెంటు పోవలసిందే! అప్పుడు మీ వ్యాసం మిగులుతుందా, పోతుందా అన్నది మీరు నొక్కిన మాటను బట్టి ఉంటుంది. ఎందువల్లనో చూద్దాం.

రెండు రకాల జ్ఞాపకం

కంప్యూటర్‌కు జ్ఞాపకం రెండు చోట్ల ఉంటుంది. అప్పటికప్పుడు చేస్తున్న పని ర్యామ్‌లో ఉంటుంది. దానిలో కోట్లకొద్దీ అతి చిన్న కెపాసిటర్లు విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతాయి. కాని ఇవి చిల్లుకుండల వంటివి. ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుచేత సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు దానిని తిరిగి నింపుతూ ఉండాలి. కరెంటు ఆగిందా, ర్యామ్‌లోనిదంతా చెరిగిపోతుంది.

రెండవది డిస్కు. మీరు 'సేవ్' చేసినది ఇక్కడికి చేరుతుంది. కరెంటు లేకపోయినా చెరగదు.

స్లీప్, హైబర్నేట్

స్లీప్ నొక్కితే తెర ఆరిపోతుంది, లెక్కలు చేసే భాగం ఆగుతుంది. ర్యామ్‌కు మాత్రం కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే మీట తాకగానే కొన్ని సెకన్లలో పని తిరిగి కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఉన్నంతసేపు భయం లేదు. బల్లమీది కంప్యూటర్‌కు బ్యాటరీ ఉండదు గదా!

చలిదేశాలలో కొన్ని జంతువులు శీతకాలమంతా కదలకుండా పడి ఉంటాయి. దీనిని శీతకాల సుప్తావస్థ అంటారు. హైబర్నేట్ అనే పేరు దానినుంచే వచ్చింది. హైబర్నేట్ నొక్కితే ర్యామ్‌లోనిదంతా డిస్కులో రాసి, ఆ తరువాత కంప్యూటర్ పూర్తిగా ఆగుతుంది. లేవడానికి స్లీప్ కంటే ఎక్కువ సమయం పడుతుంది. కాని వారంపాటు కరెంటు లేకపోయినా పని ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది.

రీస్టార్ట్

ఇది నిద్ర కాదు. ర్యామ్‌లోనిది వదిలేసి, అన్నిటినీ డిస్కునుంచి కొత్తగా తెచ్చుకోవడం. ఏదైనా ప్రోగ్రాం బిగుసుకుపోతే ఇందుకే రీస్టార్ట్ చేయమంటారు. మరి షట్‌డౌన్ చేస్తే సరిపోదా? 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచి, చాలా కంప్యూటర్లు షట్‌డౌన్‌లో కూడా కొంత భాగాన్ని డిస్కులో దాచుకొని మళ్లీ వాడుకుంటున్నాయి. పూర్తిగా కొత్త ఆరంభం రీస్టార్ట్‌తోనే.

చంద్రునిపై నిద్ర

2023 జులై 14న మన రాష్ట్రంలోని శ్రీహరికోటనుంచి చంద్రయాన్-3 బయలుదేరింది. ఆగస్టు 23న విక్రమ్ ల్యాండరు చంద్రునిపై దిగింది. అక్కడ రాత్రి మన లెక్కలో సుమారు 14 రోజులు. ఎండ లేనిదే సౌరఫలకాలు పనిచేయవు. అందుచేత సెప్టెంబరు 2న ప్రజ్ఞాన్ రోవరును, 4న విక్రమ్‌ను నిద్రపుచ్చారు. అంతకుముందే అవి సేకరించిన సమాచారాన్ని భూమికి తెప్పించుకున్నారు. సూర్యోదయమయ్యాక పిలిచినా ఆ రెండూ లేవలేదు. కాని సమాచారం భద్రంగా మన దగ్గర ఉంది!

మీరు చేయవలసినదీ ఇదే. ఏ మాట నొక్కినా, ముందు సేవ్ చేయండి.

చేసి చూడండి

మీ ఉపాధ్యాయుని అనుమతితో, పని సేవ్ చేసి, కంప్యూటర్‌ను స్లీప్, హైబర్నేట్, రీస్టార్ట్‌లలో ఒక్కొక్కసారి ఉంచండి. తిరిగి పనికి సిద్ధమవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఏది ముందు లేచింది? ఎందువల్ల?