కొలాజ్, శిల్పం, గ్యాలరీ: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: బెంగళూరులో ఒక గ్యాలరీకి వెళ్ళాను. పాత పేపరు ముక్కలు, సినిమా పోస్టరు చింపులు అతికించిన పటానికి లక్ష దాటి ధర చెప్పారు. మా పిల్లలు బడిలో చేసేది ఇదే కదా? లేపాక్షిలో అంత పెద్ద నందిని పైసా ఇవ్వకుండా చూసి వస్తున్నాం. (ఒక పాఠకుడు, హిందూపురం)

లేపాక్షి మనకు ఉచితం, చేసినవాళ్ళకు కాదు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ సోదరులు ఆ గుడికి ధనం పోశారు కాబట్టే శిల్పులూ చిత్రకారులూ అక్కడ పని చేయగలిగారు. ఇప్పుడు కళాకారుడి పూట గడవడానికి గ్యాలరీ ఒక దారి. అయినా ధర ఎక్కువ ఉన్నంత మాత్రాన పని గొప్పదని నేను అనను. పటం దగ్గరికి వెళ్ళి చూడండి. ముక్కను కత్తిరించారా, చింపారా? ఆ అంచు పక్క ముక్కతో ఏమైనా చెబుతోందా? పోస్టరు మీది అక్షరం ఇంకా అక్షరంగానే ఉందా, రంగుగా మారిపోయిందా? పిల్లలు ఖాళీ నింపడానికి అతికిస్తారు. మంచి కొలాజ్‌లో ఒక్క ముక్క తీసేస్తే మిగతావన్నీ కదిలిపోతాయి.

1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను చిత్రంలో అతికించి, చుట్టూ తాడు కట్టాడు. మన దేశంలో నాకు అంతకన్నా ఇష్టమైన ఉదాహరణ శాంతినికేతన్‌కు చెందిన చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ. కంటి ఆపరేషన్ తర్వాత ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత రంగు కాగితాలను వేళ్ళతో తడుముకుంటూ కత్తిరించి కొలాజ్‌లు చేశాడు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే డాక్యుమెంటరీ తీశాడు. వీలైతే చూడండి, ఆ తర్వాత గ్యాలరీకి మళ్ళీ వెళ్ళండి. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు, చాలా గ్యాలరీల్లో ప్రవేశం ఉచితం. ధర గోడ మీద లేకపోతే బల్ల దగ్గర జాబితా అడగండి.

ప్రశ్న: మాది నేత ఇల్లు. కంప్యూటర్ జకార్డు వచ్చాక మగ్గం మీది పాత రంధ్రాల అట్టలు మూటలు కట్టి అటక మీద పడేశాం. వాటితో, పట్టు ముక్కలతో కొలాజ్‌లు చేస్తున్నాను. గ్యాలరీ వాళ్ళు తీసుకుంటారా? (ఒక పాఠకురాలు, ధర్మవరం)

మీ ఉత్తరం చదివి చాలా సంతోషించానమ్మా. మీ చేతిలో ఉన్న సరుకు ఎంత విలువైనదో ముందు మీరు నమ్మాలి. అట్టల వరుసను చేతిలోకి తీసుకుని చూడండి. దారంతో ఒకదానికొకటి కుట్టి ఉంటాయి, సూదులు తగిలి తగిలి రంధ్రాల అంచులు నలిగి ఉంటాయి, చేతులు పట్టిన చోట నల్లబడి ఉంటాయి. మగ్గంలో ఒక్కో అట్ట ఒక్కో పోగుకు ఏ నిలువు దారాలు లేవాలో చెబుతుంది. అంటే వరుస తప్పకుండా ఉన్న మూటలో ఒక అంచో, ఒక నెమలో ఇంకా బతికే ఉంది. వరుస మార్చారా, డిజైను చెదిరిపోతుంది. మీ కొలాజ్‌కు అసలు విషయం అదేనని నా అభిప్రాయం. గోధుమరంగు అందంగా ఉందని పట్టీలుగా అతికిస్తే అలంకారంగా మిగిలిపోతుంది. ఎక్కడ వరుస ఉంచారు, ఎక్కడ తెంపారు, ఎందుకు తెంపారు అన్నది చూసేవాడికి తెలిస్తే గ్యాలరీ వాళ్ళు తప్పక ఆగి చూస్తారు. మూట విప్పేముందు మాత్రం అట్టలకు వరుస నంబర్లు వేసి ఫొటోలు తీసి పెట్టుకోండి. డిజైను గీసిన వారు ఎవరో తెలిస్తే వారి అనుమతి అడిగి, పటం వెనుక వారి పేరు కూడా రాయండి.

ఇక జిగురు సంగతి. మైదా ఉడికించి పూస్తే పురుగు పడుతుంది. వడ్రంగం పనికి వాడే తెల్ల జిగురు ఒకసారి ఆరితే మళ్ళీ ఊడదీయలేం, పట్టులోకి ఇంకి మరకలు కూడా పడతాయి. పట్టు ముక్కను అతికించడం మాని, నూలు గుడ్డ మీద సన్నని దారంతో కుట్టండి. ఎండ పట్టును పెళుసు చేస్తుంది, తేమకు జరీ నల్లబడుతుంది. అందుకే ఎండ పడని చోట పెట్టండి, ఫ్రేములో అద్దం గుడ్డకు తగలకుండా మధ్య కాస్త ఖాళీ ఉండేలా చూడండి. కింద మామూలు అట్ట కాకుండా ఆమ్లం లేని అట్ట అడిగి వేయించండి.

గ్యాలరీకి ఒక్క ఫొటో పంపితే లాభం లేదు. ఒకే ఆలోచన మీద చేసిన పది పన్నెండు పనులు చూపండి. ఒక్కోదానికీ కొలత, ఏడాది, ఏ సరుకుతో చేశారో రాయండి.

ప్రశ్న: గ్యాలరీలో ఫైబర్‌గ్లాస్ శిల్పం కొన్నాను. అడుగున 2/6 అని ఉంది. అంటే ఇలాంటివి ఇంకా ఉన్నాయా? మోసపోయానా? రంగు కాస్త వెలిసినట్టుంది, గృహప్రవేశానికి బంగారు రంగు వేయిద్దామంటున్నారు ఇంట్లో. (పెనుకొండ)

మోసం లేదు. ఆరింటిలో మీది రెండోది. మట్టిలో చేసి, దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో పోత పోసే శిల్పాలకు ఇది మామూలే, కంచుకైనా అంతే. సూర్యాపేటలో పుట్టి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి బంగారు రంగు తలలు ఫైబర్‌గ్లాస్‌తో చేసినవే. మీరు అడగాల్సిందల్లా ఆరుకు మించి పోయరని సంతకంతో రాసిచ్చారా అని. ఇవ్వకపోతే ఇప్పుడైనా తీసుకోండి.

రంగు మాత్రం వేయించకండి. మీ ఊళ్ళో పడుకున్న కుంభకర్ణుడి సిమెంటు విగ్రహం ఎండకూ వానకూ ఉండేది, దానికి రంగు వేయడం సంరక్షణే. మీరు కొన్నదానికి ఆ రంగు కూడా శిల్పి పనే. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, అమ్మేసిన తర్వాత కూడా తన పనిని పరువు పోయేలా మార్చితే కళాకారుడు అభ్యంతరం చెప్పవచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి తన కంచు కుడ్యశిల్పాన్ని పీకేసి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ ప్రభుత్వం మీదే కేసు వేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల రూపాయలు పరిహారం కట్టమని తీర్పిచ్చింది. వెలిసిందనుకుంటే గ్యాలరీ ద్వారా శిల్పినే అడగండి.

ప్రశ్న: తాతల నాటి తోలుబొమ్మలు కొంటామని ఒకాయన వచ్చాడు. ముక్కలు చేసి కొలాజ్‌లో వాడతాడట. ఇవ్వమంటారా? (నిమ్మలకుంట)

ఇవ్వొద్దు. పని లేని రోజుల్లో డబ్బు ఎంత అవసరమో తెలిసే చెబుతున్నాను. కొత్త తోలు మీద మీరే బొమ్మ గీసి, రంధ్రాలు కొట్టి, రంగు వేసి ఆయనకు అమ్మండి. ఆ ముక్కలు ఆయన ఎలా వాడుకున్నా బాధ లేదు, మీ పేరు పక్కన వేయమని మాత్రం అడగండి. పాత బొమ్మలో ఉన్న కొలతా, కన్ను తీరూ మీ పిల్లలు చూసి నేర్చుకోవాల్సినవి. మీ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందంటే తరతరాలుగా చేతులు మారిన ఆ విద్యకే వచ్చింది. పైగా 100 ఏళ్ళు దాటిన బొమ్మ 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటిది దేశం దాటించడం నేరం.

ప్రశ్న: శిల్పం నేర్చుకుంటున్నాను. గ్యాలరీ సగం కమిషన్ అడుగుతోంది. న్యాయమేనా? (హిందూపురం)

మూడో వంతు నుంచి సగం దాకా మామూలుగా ఉన్నదే బాబూ. అయితే సగం తీసుకునేవాళ్ళు కరపత్రం, దీపాలు, కొనేవాళ్ళను పిలవడం, బీమా చూసుకోవాలి. అద్దె కూడా నీ దగ్గరే గుంజి, కమిషనూ అడిగితే వెనక్కి వచ్చేయ్. రాయి బరువు, కాబట్టి రానుపోను లారీ ఖర్చు ఎవరిదో, దారిలో విరిగితే ఎవరు కట్టాలో, అమ్మిన ఎన్ని రోజులకు డబ్బు ఇస్తారో కాగితం మీద రాయించుకో. కొన్నవారి పేరు కూడా నీకు చెప్పాలని అందులో చేర్చు. కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ ప్రకారం, నీ శిల్పాన్ని తర్వాత ఎవరైనా 10,000 రూపాయలకు మించి తిరిగి అమ్మితే అందులో నీకు వాటా ఉంది. అది 10 శాతం మించదు. ఆ శిల్పం ఎవరింట్లో ఉందో తెలియకపోతే ఆ వాటా అడగలేవు.