రైతు గృహమందు ప్రమాద నివారణము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందు పట్టుపురుగులను పెంచు రైతు తన పెంపకపు గదిని ఎట్లు కాపాడుకొనునో సంఘ సభ్యులందఱు ఎఱిగినదే. గడప చెంత సున్నము చల్లును. కాళ్లు కడుగుకొననిదే ఎవ్వరిని లోనికి రానీయడు. పొగాకు ముట్టిన చేతితో ఆకు తాకనీయడు. ప్రక్కచేనివారు టమాటాకు మందు కొట్టిననాడు గాలి ఏవైపు వీచుచున్నదో చూచి మల్బరీ కోయును. ఇంతటి మెలకువ గల గృహస్థుని యింటనే, బిడ్డలు పరుండు గదిలో, మంచము క్రింద పురుగులమందు సీసా కనబడుచుండును. పురుగునకు చూపు జాగ్రత్త బిడ్డకు ఏల చూపరాదు? ఇది తెలియమిచేత జరుగునది కాదు, చోటు చాలమిచేత జరుగునది. మన యిండ్లలో సేద్యపు సామగ్రియు కాపురమును ఒక్క కప్పు క్రిందనే యుండును. ఈ రెంటిని సాధ్యమైనంత వేఱుచేయుటను గూర్చియే ఈ వ్యాసము.

ముందుగా పురుగులమందు. 2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రమందలి సారణ్ జిల్లాలో ఒక గ్రామ పాఠశాలయందు మధ్యాహ్న భోజనము చేసి 23 మంది పిల్లలు మృతినొందిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను మందు కలిసియున్నట్లు పరీక్షలో తేలెను. ఇది మన రైతులకు పేరెఱుగని మందు కాదు. కావున మందును దాని సీసానుండి మఱొక పాత్రలోనికి, ముఖ్యముగా నీళ్ల సీసాలోనికి గాని పానీయపు సీసాలోనికి గాని, ఎన్నడును మార్చరాదు. పొరుగువానికి కొంచెము బదులిచ్చునపుడే ఈ తప్పు ఎక్కువగా జరుగును. ఖాళీ డబ్బాను కడిగి నూనెకు, ఉప్పునకు వాడుట అంతకంటె చేటు. సీసాపై మూలలమీద నిలిచిన చతురస్రమొకటి ముద్రింపబడియుండును. దాని క్రింది భాగమున ఎఱుపున్నచో మందు మిక్కిలి విషము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తగ్గుచుండును. అయినను ఆకుపచ్చ గుర్తు చూచి వంటింట పెట్టుకొనవచ్చునని తలపరాదు.

తాళము గల చెక్కపెట్టె యొకటి పసులకొట్టము గోడకు, పిల్లల చేతికందని యెత్తున, మేతకు దూరముగ బిగించిన చాలును. పదిమంది సభ్యులు కలిసి చేయించుకొన్నచో వడ్రంగి కూలియు తగ్గును. మందు మ్రింగినవానికి ఉప్పునీరు త్రాగించి బలవంతముగ కక్కించుట మన పల్లెల పాత అలవాటు, అది మానవలెను. కక్కినది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. తడిసిన బట్టలు విప్పి, ఒడలు సబ్బుతో కడిగి, 108కి ఫోను చేసి, మందుసీసాను వెంటగొని ఆసుపత్రికి పోవలయును. ఏ మందో తెలియక వైద్యుడు తడుముకొను పని తప్పును.

పెంపకపు గదిని శుద్ధిచేయు ఫార్మలిను, బ్లీచింగు పొడి కూడ ఆ పెట్టెలోనివే. బ్లీచింగు పొడిని మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో కలిపినచో క్లోరిను వాయువు పుట్టి ఊపిరి తిరుగనీయదు.

ఇక కుంపటి. మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైన నున్నది. శీతకాలపు రాత్రులందు పురుగులకు వెచ్చదనము చాలదని గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపులు, కిటికీలు బిగించి, రాత్రి మేత వేయుటకై అచ్చటనే పరుండువారు కలరు. పొగ లేదు గదా యని ధైర్యము. పొగ లేని నిప్పునుండియే కార్బన్ మోనాక్సైడు అను వాయువు వెడలును. దానికి వాసన లేదు, రంగు లేదు. తొలుత తలనొప్పి, వికారము, పిదప మగత. నిద్రించువానికి అవియు తెలియవు. కుంపటి యున్న గదిలో ఎవ్వరును పరుండరాదు. పైన గాలిమార్గము, క్రింద గాలిమార్గము తెఱచియే యుంచవలెను. 1915లో మన చెంతనే ఆరోగ్యవరమున క్షయరోగుల వైద్యశాల వెలసినది. నాటి క్షయచికిత్సలో ధారాళమైన గాలియే ముఖ్యభాగము. అట్టి చోట కాపురముండి కిటికీలు మూసి ప్రాణము పోగొట్టుకొనుట విచారకరము.

పాముకాటును గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. వారిలో మిక్కిలి యెక్కువమంది పల్లెవారు. ధాన్యమునకు ఎలుక, ఎలుకకు పాము వచ్చును. కావున గింజల బస్తాలు, కట్టెల మోపులు, పిడకల కుప్ప పడకకు దూరముగ నుండవలెను. కట్లపాము రాత్రివేళ సంచరించి, నేలపై పరుండినవారిని కఱచును. నొప్పి గాని వాపు గాని కానరాదు. తెల్లవాఱుజామున కడుపునొప్పి పుట్టి, కనుఱెప్పలు వాలినపుడు అజీర్ణమని తలచువారు పెక్కుమంది. మంచముపై పరుండి, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడచిన చాలవఱకు రక్షణ కలుగును. కాటు పడినచో కోయుట, నోట పీల్చుట, త్రాటితో బిగించుట వలదు. అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

అచ్చట ఎక్కించు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర యను నాల్గింటి విషమునకు పనిచేయును. దానికి వలయు విషమును సేకరించువారిలో ముఖ్యులెవరో సభ్యులకు ఆసక్తి కలిగింపవచ్చును. మద్రాసు చెంత 1978లో ఇరుల జాతివారు స్థాపించుకొన్న సహకార సంఘమే అది. పామును పట్టి, విషము తీసి, తిరిగి విడిచిపెట్టుట వారి వృత్తి. ఏ పల్లెవాని ప్రాణమో నిలుపు సూదిమందు వెనుక మనవంటి సంఘ మొకటి యున్నది.

వంటగ్యాసు గాలికంటె బరువు. కాఱినచో నేలనే పఱచుకొనును. వాసన వచ్చినపుడు దీపపు స్విచ్చు వేయుటయు ఆర్పుటయు రెండును ప్రమాదమే. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెఱచి, వెలుపలికి వచ్చి 1906కు ఫోను చేయవలెను. సిలిండరు మెడయొద్ద ఏ, బి, సి, డి అక్షరములలో ఒకటియు, సంవత్సరపు అంకెయు నుండును. సి 27 యనిన దాని తనిఖీ గడువు 2027 సెప్టెంబరు నెలాఖరుతో ముగియునని యర్థము. గడువు తీరినదానిని తెచ్చినవానికే తిప్పి యీయవలెను.

బట్టలారవేయు ఇనుపతీగెను దీపస్తంభమునకు గాని, మోటారు తీగె పోవు గోడకు గాని కట్టరాదు; నూలుత్రాడు చాలును. మోటారు పెట్టెకు భూమితీగె యున్నదో లేదో వానలకు ముందే చూపించుకొనవలెను. ఇంటికి ఆర్.సి.సి.బి. అను పరికరమును అమర్చునపుడు 30 మిల్లీ ఆంపియర్ల దానినే అడిగి కొనవలెను. అంతకు పెద్దది మనిషిని కాపాడుటకు చాలదు.