తోక లేచేది ఎప్పుడు?

ప్రశ్న: శాన్ హోసేలో ఉంటాను. మాంటరే బేలో పడవెక్కి తిమింగలాలను తీస్తే ఫొటోలన్నీ మసకే. తోక ఒక్కసారీ దొరకలేదు. పైగా వాంతులు!

జవాబు: తప్పు లెన్సుది కాదండీ, పడవ ఊపుది. షట్టర్ వేగం 1/1000 సెకనుకు తగ్గనివ్వకండి. ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. ట్రైపాడ్ వద్దు, ఇంజన్ అదురంతా కెమెరాకు ఎక్కుతుంది. హంప్‌బ్యాక్ తిమింగలం నాలుగైదుసార్లు ఊపిరి వదిలాక వీపును విల్లులా వంచిందంటే లోతుకు దిగబోతోందన్నమాట. తోక సాధారణంగా అప్పుడే లేస్తుంది. వీపు వంగగానే వరుసగా నొక్కుతూ పొండి. తీసినవి మాత్రం ఒడ్డుకొచ్చాకే చూసుకోండి. ఊగే పడవలో కళ్లు తెరకు అతికిస్తే కడుపు తిప్పక ఏంచేస్తుంది? దూరంగా దిగంతం చూడండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. వేరే మందులు వాడుతుంటే ముందు డాక్టర్నడగండి. మర్నాటికీ తల తిరుగుతుంటే నేరుగా వెళ్లి చూపించుకోండి.