ఎరువు గుంత మీద నల్ల ఈగ: కందిరీగ అనుకుని మందు కొట్టకండి

ఎరువు గుంత దగ్గర నల్లగా, పొడుగ్గా తిరిగే పురుగును చూసి కందిరీగ అనుకుని, "మందు కొట్టమంటారా?" అని చాలామంది అడుగుతున్నారు. కొట్టకండి. ఆ మందుకు వానపాములూ పోతాయి, మన ఎరువూ పాడవుతుంది. పైగా అది కందిరీగ కాకపోవచ్చు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ అయి ఉండొచ్చు. శాస్త్రీయ నామం హెర్మీషియా ఇల్యూసెన్స్.

ఒకదాన్ని గాజు సీసాలో పట్టి, వీడియోలో చూపించినట్టు ఈ గుర్తులు చూడండి.

1. రెక్కలు: కందిరీగకు నాలుగు, దీనికి రెండే. వెనక రెక్కల చోట గుండుసూదుల్లాంటి చిన్న బుడిపెలు ఉంటాయి. ఏ ఈగకైనా ఇదే అసలు గుర్తు.
2. నడుము: పొట్ట మొదట్లో వెలుతురు దూరే రెండు మచ్చలుంటాయి, గాజు కిటికీల్లాగా. వాటివల్లే నడుము సన్నగా ఉన్నట్టు కనిపిస్తుంది.
3. కాళ్లు: నల్లగా ఉండి, చివర్లు తెల్లగా ఉంటాయి.
4. మీసాలు: పొడుగ్గా ఉంటాయి. ఇంటి ఈగకు బాగా పొట్టి.
5. సైజు: సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్లు.

ఒక్క గుర్తుతో తేల్చేయకండి, అన్నీ కలవాలి. దీనికి కొండి లేదు, కుట్టదు.

ఇక గుంతలో పురుగులు. అసలు జాగ్రత్త ఇక్కడే.

బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగు చదునుగా, కణుపులు కణుపులుగా, గట్టి చర్మంతో ఉంటుంది. కాళ్లుండవు. ముదిరితే ముదురు గోధుమ రంగుకు మారి, కుప్ప వదిలి పొడి చోటుకు పాకుతుంది. ఇంటి ఈగ పురుగు తెల్లగా, నున్నగా, ఒక కొన మొనదేలి ఉంటుంది. తెల్లగా లావుగా, కొడవలిలా వంకర తిరిగి, గోధుమ రంగు తల, ఆరు కాళ్లు ఉంటే అది కొమ్ము పురుగు పిల్ల కావచ్చు. కొబ్బరి తోట ఉన్నవాళ్లు దాన్ని వదలొద్దు. ఏరేయండి, గుంతలో మెటారైజియం కలపండి.

బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు కుళ్లిన చెత్తను తింటాయి, బతికున్న వేర్ల జోలికి పోవు. ఇవి బాగా ఉన్నచోట ఇంటి ఈగలు తగ్గుతాయి. కోళ్లకు, చేపలకు మంచి మేత కూడా.

వర్మీ బెడ్‌లో కనిపిస్తే కంగారు పడొద్దు. వానపాములను తినవు, కాకపోతే వాటి మేతకు పోటీ వస్తాయి. పచ్చి చెత్త, తడి తగ్గించి, పైన ఎండుటాకులు మందంగా కప్పండి. ఎక్కువైన పురుగులను ఏరి కోళ్లకు వేసేయండి.