అరకు లాంటి చోట పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్ ఇవ్వాలా? నెట్ లేకున్నా, పాత ప్రొజెక్టర్ ఉన్నా పనిచేసే 8 టిప్స్

పవర్‌పాయింట్ అనగానే మనకి కాలేజీ సెమినార్, ఏసీ రూమ్, పెద్ద స్క్రీన్ గుర్తొస్తాయి. అదే ప్రెజెంటేషన్‌ని అరకు లోయలో ఒక ఊరి కమ్యూనిటీ హాల్లో, అరవై మంది కాఫీ రైతుల ముందు ఇవ్వాల్సి వస్తే? సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కరెంట్ మీద నమ్మకం ఉండదు, కిటికీల్లోంచి ఎండ నేరుగా తెర మీద పడుతుంది. అక్కడ పనికొచ్చిన స్లైడ్స్ ఇంకెక్కడైనా పనికొస్తాయి.

ఉదాహరణగా ఒక నిజమైన టాపిక్ తీసుకుందాం. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ ట్యాగ్ వచ్చింది. 2025లో అదే అరకు ప్రాంతంలో కాఫీ బెర్రీ బోరర్, అంటే కాయ తొలిచే పురుగు బయటపడింది. మన దేశంలో ఇది మొదట కనిపించింది 1990లో, నీలగిరుల్లోని గూడలూరు దగ్గర. ఆడపురుగు కాయలోకి తొలుచుకుని వెళ్లి గింజలోనే గుడ్లు పెడుతుంది. దాన్ని గుర్తుపట్టడం ఎలాగో రైతుకి అర్థం కాకపోతే పోయేది ఒక ఏడాది పంట. కాబట్టి ఇక్కడ స్లైడ్ అందంగా ఉందా లేదా అన్నది రెండో సంగతి, ముందు అర్థం కావాలి.

ఈ టాపిక్ మీద స్లైడ్స్ చేస్తున్న కొందరు కుర్రాళ్లకి నేను సాయం చేశాను. అప్పుడు పనిచేసిన టిప్స్ ఇవి.

1. టైటిల్‌లోనే విషయం చెప్పెయ్యండి

చాలా స్లైడ్స్‌లో పైన 'పరిచయం', 'లక్షణాలు', 'నివారణ' అని ఉంటుంది. వాటి వల్ల చూసేవాళ్లకి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. 'లక్షణాలు' బదులు 'తొడిమకి ఎదురు కొసన సన్నని రంధ్రం ఉందా? అనుమానించండి' అని రాయండి. వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు టైటిల్ ఒక్కటే చదివినా పని జరిగిపోతుంది. ఒక స్లైడ్‌కి ఒకే మాట. రెండు చెప్పాలంటే రెండు స్లైడ్స్ చెయ్యండి, ఎక్స్‌ట్రా స్లైడ్‌కి ఎవరూ డబ్బులు అడగరు కదా!

2. తెలుగు ఫాంట్ సంగతి ముందే తేల్చుకోండి

మన దగ్గర ఎక్కువ ప్రెజెంటేషన్లు పాడయ్యేది ఇక్కడే. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్స్‌తో టైప్ చేయించిన మేటర్ యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. అందుకే యూనికోడ్‌లోనే టైప్ చెయ్యండి. విండోస్ 8 నుంచి నిర్మల యూఐ ఫాంట్ సిస్టమ్‌తోనే వస్తుంది, కాబట్టి అది సేఫ్. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి వాడితే 'ఫైల్ > ఆప్షన్స్ > సేవ్'లోకి వెళ్లి ఫాంట్స్ ఎంబెడ్ చేసే ఆప్షన్ టిక్ చెయ్యండి. ఫోన్‌లో తెరిచినప్పుడు ఎంబెడ్ చేసిన ఫాంట్ రాకపోవచ్చు కాబట్టి పక్కన ఒక పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకోండి.

సైజ్ 28 కంటే తగ్గించొద్దు. ఇంగ్లీష్ అక్షరాలకి 20 సరిపోవచ్చు. తెలుగులో మాత్రం 'థ'కీ 'ధ'కీ తేడా లోపలి చుక్క ఒక్కటే, దూరం నుంచి అది కనపడదు. లైన్ స్పేసింగ్ 1.2 దాకా పెట్టండి, లేకపోతే పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడులకి తగులుతాయి.

ఫాంట్ మార్చడానికి ఒక్కో స్లైడ్ తెరిచి కూర్చోకండి. 'వ్యూ > స్లైడ్ మాస్టర్'లో ఒక్కసారి మారిస్తే ఆ సెట్టింగ్ అన్ని స్లైడ్స్‌కీ వెళ్తుంది.

3. ఫోటో పక్కన రూపాయి బిళ్ల పెట్టండి

బోరర్ పురుగు సైజు 2 మిల్లీమీటర్ల లోపే. మాక్రో ఫోటో తీసి తెర నిండా పెడితే అది బొద్దింకంత కనిపిస్తుంది. చూసిన రైతు 'ఇంత పెద్ద పురుగు మా తోటలో లేదు' అనుకుని వెళ్లిపోతాడు. ఫోటో బాగానే వచ్చినా మెసేజ్ తప్పుగా వెళ్లినట్టే! అందుకే కాయ పక్కన రూపాయి బిళ్లో, బియ్యపు గింజో పెట్టి తీయండి.

బడ్జెట్ ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని నమ్ముకోవద్దు. మెయిన్ కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి క్రాప్ చేసుకుంటేనే క్లియర్‌గా ఉంటుంది.

4. ఫైల్ సైజ్ తగ్గించండి

50 మెగాపిక్సెల్ మోడ్‌లో తీసిన ఫోటోలు పది పెడితే ఫైల్ వంద ఎంబీ దాటిపోవచ్చు. పాత ల్యాప్‌టాప్ దాన్ని తెరవడానికే ఆయాసపడుతుంది, కొండల్లో వాట్సాప్‌లో పంపడం ఇంకో నరకం. ఫోటో మీద క్లిక్ చేసి 'పిక్చర్ ఫార్మాట్ > కంప్రెస్ పిక్చర్స్'కి వెళ్లండి. 'ఈ పిక్చర్‌కి మాత్రమే' అన్న టిక్ తీసెయ్యండి, క్రాప్ చేసిన భాగాలు డిలీట్ చేసే టిక్ ఉంచండి, 150 పీపీఐ ఎంచుకోండి. పాత ప్రొజెక్టర్లు చాలావరకు 1024×768 రిజల్యూషన్‌వే కాబట్టి తెర మీద తేడా తెలీదు. ఒరిజినల్ ఫోటోలు మాత్రం వేరే ఫోల్డర్‌లో దాచుకోండి.

5. ఘాట్ ఎక్కకముందే ఆఫ్‌లైన్ చేసుకోండి

విశాఖ నుంచి వెళ్తుంటే శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. ఆ మలుపుల్లో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. గూగుల్ స్లైడ్స్ వాడేవాళ్లు ఫోన్ యాప్‌లో ఆ ఫైల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్ ఆప్షన్ ఆన్ చెయ్యండి. ల్యాప్‌టాప్ అయితే క్రోమ్‌లో ఆఫ్‌లైన్ సెట్టింగ్ నెట్ ఉన్నప్పుడే ఆన్ చేసుకోవాలి. తర్వాత డేటా ఆపేసి ఒకసారి తెరిచి చూడండి, అదే అసలైన టెస్ట్.

స్లైడ్‌లో యూట్యూబ్ లింక్ పెడితే అక్కడ నల్ల డబ్బానే కనిపిస్తుంది. మీరు తీసిన వీడియోని ఫైల్‌గానే ఇన్సర్ట్ చెయ్యండి.

6. కేబుల్ కథ తెలుసుకోండి

'నా ఫోన్‌కి టైప్-సి ఉంది, హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెడితే చాలు' అనుకునేవాళ్లు చాలామంది. ఆ పోర్ట్‌కి వీడియో అవుట్‌పుట్ సపోర్ట్, అంటే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఉన్న చాలా బడ్జెట్ ఫోన్లలో అది ఉండదు. అడాప్టర్ కొనేముందే స్పెసిఫికేషన్స్ చూసుకోండి. మిరాకాస్ట్ ఉన్న ఫోన్, టీవీ అయితే నెట్ లేకుండానే స్క్రీన్ షేర్ అవుతుంది.

ప్రొజెక్టర్‌కి పాత వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి. వీజీఏలో సౌండ్ రాదు, విడిగా స్పీకర్ పట్టుకెళ్లండి.

ఆఖరి అస్త్రం పెన్‌డ్రైవ్. స్లైడ్స్ అన్నీ జేపెగ్ ఫోటోలుగా సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తే మామూలు టీవీ కూడా చూపిస్తుంది. ఒక చిన్న మెలిక ఉంది. కొన్ని టీవీలు 1 తర్వాత 10, 11 చూపించి, ఆ తర్వాత 2కి వస్తాయి. అందుకే ఫైళ్ల పేర్లు 01, 02, 03 అని మార్చుకోండి.

7. వాళ్ల భాషలో వినిపించండి

ఈ కొండల్లో అందరి ఇంటి భాష తెలుగు కాదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లలో తెలుగు చదవలేనివాళ్లూ ఉంటారు. స్లైడ్ మీద ఇంకో నాలుగు లైన్లు రాసినా వాళ్లకి ఉపయోగం లేదు. ఆ భాష వచ్చిన ఊరి కుర్రాడితో ఒక్కో స్లైడ్‌కి ఇరవై సెకన్ల మాట ఫోన్‌లో రికార్డ్ చేయించి, 'ఇన్సర్ట్ > ఆడియో'తో జోడించండి. మనిషే పక్కన నిలబడి చెప్పగలిగితే ఇంకా మంచిది.

8. ఈ కీబోర్డ్ షార్ట్‌కట్స్ గుర్తుంచుకోండి

ఎఫ్5: మొదటి నుంచి స్లైడ్ షో.
షిఫ్ట్+ఎఫ్5: ఇప్పుడున్న స్లైడ్ నుంచి షో. కరెంట్ పోయి వచ్చినప్పుడు బాగా పనికొస్తుంది.
బి: తెర నల్లగా అవుతుంది. రైతులు మాట్లాడుతున్నప్పుడు నొక్కండి, చూపులు తెర మీంచి మనుషుల మీదకి వస్తాయి. మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది.
నంబర్+ఎంటర్: నేరుగా ఆ స్లైడ్‌కి వెళ్తుంది. 'ఆ రంధ్రం బొమ్మ మళ్లీ చూపించు బాబూ' అని ఎవరైనా అడిగితే వెతుక్కోనక్కర్లేదు.
కంట్రోల్+పి: పెన్. ఫోటో మీద గుండ్రంగా గీసి చూపించొచ్చు.

మొత్తం స్లైడ్స్ ఎలా ఉండాలి?

మేము మొదలుపెట్టినప్పుడు 22 స్లైడ్స్ ఉండేవి. చివరికి మిగిలినవి ఏడు:

ఒకటి, కాయ, పక్కన రూపాయి బిళ్ల.
రెండు, రంధ్రం ఎక్కడ ఉంటుందో క్లోజప్.
మూడు, కాయ కోసి చూస్తే లోపల గింజ ఎలా ఉంటుంది.
నాలుగు, చెట్టు మీద వదిలేసిన కాయలు, కింద రాలిన కాయలే పురుగుకి ఇల్లు.
ఐదు, కోసేటప్పుడు చెట్టు కింద పట్టా పరిచి, ఒక్క కాయ కూడా వదలకుండా ఏరాలి.
ఆరు, పురుగు పట్టిన కాయల్ని తోటలో పారెయ్యొద్దు, మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచాలి.
ఏడు, అనుమానం వస్తే కాఫీ బోర్డు సిబ్బందికి గానీ పాడేరు ఐటీడీఏకి గానీ వెంటనే చెప్పాలి.

ఐదు, ఆరు స్లైడ్స్‌కి మాత్రం 'అప్పియర్' యానిమేషన్ పెట్టాం, క్లిక్ చేస్తే ఒక్కో స్టెప్ వస్తుంది. ఎగిరేవి, తిరిగేవి అన్నీ తీసేశాం. ఎండ వెలుతురు ఉన్న హాల్ కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ తెలుపు, అక్షరాలు నలుపు. డార్క్ థీమ్ ఫోన్‌లో బాగుంటుంది గానీ, పగటిపూట ప్రొజెక్టర్ మీద తేలిపోతుంది.

ఇంకో మాట. ఇలాంటి సబ్జెక్ట్ అయితే స్లైడ్స్ పూర్తయ్యాక విషయం తెలిసిన అధికారికి ఒకసారి చూపించండి. 'ముంచాలి' అన్న చోట 'పారెయ్యాలి' అని పడితే పురుగు పక్క తోటకి కూడా పాకుతుంది. స్పెల్లింగ్ చెక్ ఆ తప్పు పట్టుకోలేదు, మనిషే పట్టుకోవాలి.

మీరు చెప్పాల్సింది కాఫీ గురించి కాకపోవచ్చు, మీ ఊరి చెరువు గురించో, స్కూల్ ప్రాజెక్ట్ గురించో కావచ్చు. ఈసారి పవర్‌పాయింట్ తెరిచే ముందు ఒక కాగితం తీసుకుని, చూసినవాళ్లు ఇంటికెళ్లి చెయ్యాల్సిన పని ఏంటో ఒక్క లైన్‌లో రాయండి. ఆ లైన్‌కి పనికిరాని స్లైడ్ ఎంత బాగున్నా డిలీట్ కొట్టెయ్యండి.